అనారోగ్యం అపరాధమా?

విద్యాలయాలలో న్యాయమనే మాట సాధారణంగా పరీక్షల సందర్భంలోనే వినబడుతుంది. ప్రశ్నపత్రం కఠినంగా వచ్చిందనీ, దిద్దినవారు మార్కులు బిగబట్టారనీ విద్యార్థులు చెప్పుకొంటారు. అవి పెద్ద విషయాలే. అయితే పరీక్షాభవనానికి వెలుపల, ఎవరి దృష్టికీ అంతగా రాని చోట, మరొక న్యాయసమస్య ఏటేటా తలయెత్తుతున్నది. వార్షికోత్సవానికో, సాహిత్య సభకో సిద్ధమైన విద్యార్థి సరిగా ఆ రోజుననే జ్వరంతో మంచం పట్టితే, ఆ ప్రదర్శనకు కేటాయించిన మార్కులు ఏమి కావాలి? దానికి బదులుగా అతనిచేత ఏ పని చేయించాలి? ఎంత చేయించాలి? చూడబోతే ఇది చిన్న ప్రశ్న. కాని ఒక విద్యాసంస్థ తన విద్యార్థులను ఏ కంటితో చూస్తున్నదో ఈ చిన్న ప్రశ్నకు అది చెప్పే సమాధానంలోనే తెలిసిపోతుంది.

ఒకప్పుడు నాటకాలూ, పద్యపఠనాలూ, బైత్‌బాజీ పోటీలూ చదువుకు అనుబంధాలుగా మాత్రమే ఉండేవి. బహుమతి వస్తే సంతోషం, రాకపోతే నష్టం లేదు. నేడు ఆ స్థితి మారింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కళావిద్యను పదవ తరగతి వరకు తప్పనిసరి విషయంగా బోధించాలని సూచించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో పిల్లల జ్ఞానాన్ని సమగ్రంగా, నిరంతరంగా మూల్యాంకనం చేయాలని నిర్దేశించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ మధ్య గోడ ఉండరాదన్నది. ఈ మార్పుల ఫలితంగా పాఠశాలలలో ప్రాజెక్టు పనికీ, తరగతిలో పాల్గొన్న తీరుకూ, కళాప్రదర్శనకూ మార్కులు వచ్చాయి. డిగ్రీ తరగతులలో సెమిస్టరు పద్ధతితోపాటు అంతర్గత మూల్యాంకనం వచ్చింది. సెమినారులో మాట్లాడడమూ, బృందచర్చలో నిలబడడమూ లెక్కలోనికి వచ్చాయి. ఇది స్వాగతించదగిన మార్పే. కాని మార్కు ఎక్కడికి వెళితే న్యాయమూ అక్కడికి వెళ్ళక తప్పదు. ఆ రెండవ పనిని మనం ఇంకా పూర్తి చేయలేదు.

విషయం స్పష్టం కావడానికి ఒక ఉదాహరణను ఊహించుకొందాం. ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు గురజాడవారి కన్యాశుల్కంలోని ఒక రంగాన్ని ప్రదర్శించాలని నిర్ణయించారు. ఒక బాలునికి గిరీశం పాత్ర ఇచ్చారు. ఆరు వారాలు అతడు సాయంకాలాలు ఆగి అభ్యాసం చేశాడు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు డెంగ్యూ జ్వరం వచ్చింది. పదిహేను రోజుల తరువాత నీరసంగా బడికి వచ్చిన ఆ బాలునికి ఉపాధ్యాయులు ఇలా చెప్పారు: నీవు ప్రదర్శనలో లేవు గనుక గురజాడ జీవితం, కృతులు అనే అంశంపై పది పుటల వ్యాసం ఎల్లుండిలోగా వ్రాసి తీసుకొని రావాలి, లేకపోతే మార్కులు ఉండవు. ఇంతలో గణితంలో రెండు అధ్యాయాలు గడిచిపోయాయి. విజ్ఞానశాస్త్రంలో లఘు పరీక్ష ఒకటి మిగిలి ఉన్నది. వేదిక మీద అరగంట నిలబడిన సహాధ్యాయికి ఎన్ని మార్కులో, వారం రోజుల శ్రమతో పది పుటలు నింపే ఈ బాలునికీ అన్నే మార్కులు. ఈ ఏర్పాటు న్యాయమేనా?

ఇక్కడ ఉపాధ్యాయుని దురుద్దేశమేమీ లేదు. అతని పక్షాన చెప్పదగిన మాటలు మూడు ఉన్నాయి. మొదటిది, పట్టికలో మార్కు వేయడానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఆధారం లేకుండా వేస్తే రేపు పై అధికారి ప్రశ్నిస్తాడు. రెండవది, అందరి ఎదుట నిలబడి పాత్రను రక్తి కట్టించిన పిల్లలకూ, ఇంటి వద్ద ఉండిపోయిన పిల్లవానికీ ఏ శ్రమా లేకుండా సమానంగా మార్కులు ఇస్తే మొదటివారికి అన్యాయం జరుగుతుంది. మూడవది, సులభమైన ప్రత్యామ్నాయం చూపిస్తే, సభాపిరికితనం ఉన్న పిల్లలందరికీ ప్రదర్శన రోజుననే జ్వరం వస్తుంది. ఈ మూడు వాదనలూ త్రోసిపుచ్చదగినవి కావు. వీటికి సమాధానం చెప్పకుండా రోగి పట్ల జాలి చూపమని మాత్రమే అడిగితే అది వాదన అనిపించుకోదు.

ముందుగా మార్కు దేనికి వేస్తున్నామో తేల్చుకోవాలి. నాటక ప్రదర్శనలో మనం పరిశీలించేది ఉచ్చారణ, స్వరంలోని ఆరోహణావరోహణలు, పాత్రను అర్థం చేసుకొన్న తీరు, తోటివారితో కలిసి పనిచేసే గుణం. పది పుటల వ్యాసంలో వీటిలో ఏ ఒక్కటీ కనబడదు. వ్యాసంలో కనబడేవి గ్రంథాలయంలో వెదికే ఓపిక, వాక్యరచన, దస్తూరి. ఇవీ మంచి గుణాలే. కాని ఈతలో పోటీకి రాలేకపోయిన వానిని పరుగు పందెంలో నిలబెట్టి, అందులో వచ్చిన స్థానాన్ని ఈత పట్టికలో వ్రాయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ప్రత్యామ్నాయ కార్యం మూలకార్యం కొలిచే శక్తినే కొలవాలి. వేరొక శక్తిని కొలిచే పని ఎంత గొప్పదైనా దానికి బదులు కాజాలదు.

మనవంటి ఉర్దూ తెలుగు విద్యాసంస్థలలో ఈ భేదం మరింత లోతైనది. ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగును ద్వితీయ భాషగా అభ్యసించే విద్యార్థులు మన చుట్టూ ఎందరో ఉన్నారు. వీధిలో, బజారులో, స్నేహితుల మధ్య విన్న తెలుగు వారి నాలుకపై చక్కగా పలుకుతుంది. వేదిక ఎక్కిస్తే పద్యాన్ని రాగయుక్తంగా చదివి మెప్పించగలరు. కాని కలం పట్టుకొంటే ఒత్తుల వద్ద, గుణింతాల వద్ద తడబడతారు. అటువంటి విద్యార్థికి వేదికను తప్పించి వ్యాసాన్ని అంటగట్టడమంటే అతని బలాన్ని తీసివేసి బలహీనతను పరీక్షించడమే అవుతుంది. తెలుగు మాధ్యమంలో చదువుతూ, గజల్‌ను చెవితో విని నేర్చుకొని, ఉర్దూ లిపి ఇంకా సరిగా పట్టుబడని విద్యార్థి విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. జ్వరం ఇద్దరికీ సమానంగానే వచ్చింది. శిక్ష మాత్రం సమానంగా పడలేదు.

శిక్ష అనే మాటను తెలిసే వాడాను. తప్పిపోయిన పనిని తరువాత చేయించడానికీ, తప్పు చేసినవానిచేత పరిహారం చెల్లించడానికీ మధ్య గల భేదం మన విద్యార్థులకు కొత్త కాదు. వారిలో చాలామంది ఇంటి వద్ద చిన్ననాటనే దానిని నేర్చుకొని ఉంటారు. రమజాన్ మాసంలో వ్యాధిగ్రస్తుడైనవాడు ఉపవాసాన్ని విడిచిపెట్టవచ్చు. ఆరోగ్యం చేకూరిన తరువాత ఎన్ని రోజులు విడిచిపెట్టాడో అన్ని రోజులు ఉపవసిస్తే చాలు. దీనిని ఖజా అంటారు. ఒక రోజుకు ఒక రోజే. అవి వరుసగా ఉండాలన్న నియమం కూడా లేదు. శక్తి వచ్చిన కొలదీ, వీలైన రోజులలో పూర్తి చేసుకోవచ్చు. కఫ్ఫారా అనేది వేరు. కారణం లేకుండా, బుద్ధిపూర్వకంగా ఉపవాసాన్ని భంగపరచినవాడు కొన్ని సందర్భాలలో అరవై రోజులు వరుసగా ఉపవసించవలసి ఉంటుంది. మొదటిది బాకీ తీర్చడం, రెండవది తప్పుకు ప్రాయశ్చిత్తం. ధర్మశాస్త్రవేత్తలు ఈ రెంటినీ ఎన్నడూ కలిపివేయలేదు. రోగికి కఫ్ఫారా విధించినవారు లేరు. అరగంట ప్రదర్శనకు బదులుగా పది పుటల వ్యాసం అడిగినప్పుడు మనం చేస్తున్నది అదే. ఖజా అని పేరు పెట్టి కఫ్ఫారా వసూలు చేస్తున్నాము.

ఆ శాస్త్రంలోనే మరి రెండు విషయాలు ఆలోచించదగినవి. స్త్రీలు నెలలో కొన్ని రోజులు నమాజునుండీ, ఉపవాసంనుండీ మినహాయింపు పొందుతారు. తప్పిపోయిన ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకొంటారు. నమాజులను మాత్రం తిరిగి చేయనవసరం లేదు. ఉపవాసం ఏడాదికి ఒక మాసం, నమాజు రోజుకు ఐదు పూటలు. నెలనెలా తప్పిన నమాజులన్నింటినీ కూడబెట్టి తీర్చమంటే అది మోయలేని భారమవుతుందని పెద్దలు వివరించారు. అనగా తప్పిపోయిన ప్రతి పనినీ తప్పక తిరిగి చేయించాలన్నది సూత్రం కాదు. భారమెంతో కూడా లెక్కించవలసి ఉన్నది. ఇక రెండవ విషయం. కోలుకొనే ఆశ లేని దీర్ఘరోగికి ఖజా కూడా లేదు. అతడు ఒక్కొక్క ఉపవాసానికి బదులుగా ఒక పేదవానికి భోజనం పెట్టవచ్చు. ఇది ఫిద్యా. పనియొక్క స్వభావమే మారింది. మారడానికి కారణం మనిషి యొక్క స్థితి.

ఈ ఆలోచన ఒక మతానికే పరిమితం కాదు. ఆపద్ధర్మమనే మాట తెలుగువారందరి నోటా ఉన్నదే. ఆపదలో ఉన్నవానికి మామూలు నియమం వర్తించదని మన ముందుతరాలవారు ఎరుగుదురు. చట్టం కూడా అదే త్రోవలో నడిచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులను తన పరిధిలోనికి తీసుకొన్నది. ఇటువంటి వ్యాధి గల విద్యార్థికి ప్రదర్శన తప్పడం ఒకసారి జరిగే సంఘటన కాదు. నెలకొకసారి రక్తం ఎక్కించుకోవలసిన బాలికను, ఇతరులతో సమానంగా ప్రతి అభ్యాసానికీ రమ్మనడం, రాకపోతే ప్రతిసారీ వ్యాసం వ్రాయమనడం ధర్మం అనిపించుకోదు. ఆమెకు మొదటి రోజుననే ఆమె శక్తికి తగిన పాత్రను, తగిన పనిని ఏర్పాటు చేయాలి.

ఇక దొంగజ్వరాల సంగతి. ఈ భయం నిరాధారమైనది కాదు. అయితే దొంగజ్వరానికి మందు భారమైన వ్యాసం కాదు. వేదిక అంటే భయపడే పిల్లవాడు పది పుటలు వ్రాయడానికైనా సంతోషంగా ఒప్పుకొంటాడు. నిజానికి వ్యాసమనే ప్రత్యామ్నాయమే అతనికి తప్పించుకొనే దారి చూపుతున్నది. అదే సంభాషణను కోలుకొన్న తరువాత తరగతిలో అప్పగించాలన్న నియమం ఉంటే, జ్వరాన్ని నటించడం వలన లాభమేమీ ఉండదు. సమానమైన ప్రత్యామ్నాయం రోగికి మేలు చేస్తుంది, నటించేవానికి ప్రోత్సాహం ఇవ్వదు. కఠినమైన ప్రత్యామ్నాయం వలన ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సిద్ధించదు.

వైద్య ధ్రువపత్రం విషయంలోనూ కొంత వివేకం అవసరం. అనేక విశ్వవిద్యాలయాల నియమాల ప్రకారం డెబ్బది ఐదు శాతం హాజరు ఉండాలి. అనారోగ్య కారణం చూపి, ధ్రువపత్రం జతపరచి, రుసుము చెల్లిస్తే అరవై ఐదు శాతం వరకు సడలింపు లభిస్తుంది. ఈ పద్ధతిని చూసి పాఠశాలలు కూడా రెండు రోజుల జ్వరానికి ధ్రువపత్రం అడుగుతున్నాయి. రోజు కూలితో బ్రతికే తండ్రి కుమారుని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి, సంప్రదింపు రుసుము చెల్లించి, ఆ ఒక్క కాగితం కోసం ఒక రోజు కూలిని పోగొట్టుకోవాలా? హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి. అక్కడి వైద్యుడు వ్రాసిన మందుల చీటీ చాలదా? స్వల్పమైన జ్వరానికి తల్లిదండ్రుల ఉత్తరం, మూడు రోజులు మించిన వ్యాధికి ఏ వైద్యుని చీటీ అయినా చాలునని నియమం చేసుకొంటే మోసం పెరిగిపోదు. పేదవాని మాటకు విలువ పెరుగుతుంది.

కఠినమైన నియమం మరొక హాని చేస్తుంది. మార్కు పోతుందన్న భయంతో పిల్లలు జ్వరంతోనే బడికి వస్తారు. 2023లో వర్షాకాలంలో కళ్ళకలక ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ పాఠశాలల్లో, వసతిగృహాల్లో ఎంత వేగంగా వ్యాపించిందో మనమంతా చూశాము. ఆటలమ్మ సోకిన పిల్లవానినుండి, పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందునుండీ, అవి అన్నీ ఎండి పక్కు కట్టేవరకు, ఇతరులకు వ్యాధి అంటుకొంటుంది. అటువంటి బాలుడు పాత్ర పోతుందని వచ్చి, ముఖానికి రంగు పూసుకొని, ఇరవైమందితో ఒకే గదిలో కూర్చుంటే ఆ నష్టాన్ని ఏ మార్కుతో పూడ్చగలము? సంవత్సరమంతా ఒక్క రోజు కూడా మానని విద్యార్థికి బహుమతి ఇచ్చే ఆచారం కొన్ని చోట్ల ఉన్నది. ఆ బహుమతి ఆరోగ్యవంతునికి అదృష్టవశాన లభిస్తుంది, రోగిని అనవసరంగా రప్పిస్తుంది. ఇంటి వద్ద ఉండవలసినప్పుడు ఇంటి వద్ద ఉండడం కూడా ఒక పౌరధర్మమని పిల్లలకు నేర్పవలసినది మనమే.

డెంగ్యూ విషయంలో ఇంకొక సంగతి గమనింపదగినది. జ్వరం తగ్గగానే రోగం తగ్గిందని మనం భావిస్తాము. వైద్యులు చెప్పేది దీనికి భిన్నమైనది. జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన సమయం. టైఫాయిడ్ వచ్చిన పిల్లవానికి నీరసం వారాల తరబడి ఉండవచ్చు. ఒళ్ళు చల్లబడింది గదా, ఎల్లుండికి వ్యాసం తెమ్మని అడిగేవారు ఈ సత్యాన్ని గుర్తించాలి. కోలుకోవడానికి పట్టే కాలం కూడా వ్యాధిలో భాగమే.

ఇంతకు మించిన పెద్ద అనుభవం మన ముందున్నది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు తెలంగాణలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలను మధ్యలోనే నిలిపివేసి, ఐదు లక్షలకు పైగా విద్యార్థులను అంతర్గత మూల్యాంకనం ఆధారంగా ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ఏడాది పదవ తరగతి పరీక్షలు రద్దయినాయి. పరీక్ష జరగలేదు గనుక ప్రతి విద్యార్థీ ఒక్కొక్క గ్రంథం వ్రాసి సమర్పించాలని ఎవరూ అనలేదు. సంవత్సరం పొడుగునా చేసిన పనినే కొలతగా స్వీకరించారు. వ్యాధి అందరికీ వచ్చినప్పుడు మనకు ఆ వివేకం కలిగింది. ఒక్కనికి వచ్చినప్పుడు అది ఎక్కడికి పోతున్నది?

నా అభిప్రాయంలో పరిష్కారానికి బీజం ఇక్కడనే ఉన్నది. ప్రదర్శన అంటే ఒక సాయంకాలం మాత్రమే కాదు. దాని వెనుక ఆరు వారాల అభ్యాసం ఉన్నది. పాత్రను చదివి అర్థం చేసుకోవడం, సంభాషణను కంఠస్థం చేయడం, తప్పు దిద్దుకోవడం, తోటివాని మాటకు తగినట్లు స్పందించడం ఇవన్నీ అభ్యాసంలోనే జరుగుతాయి. చదువు జరిగేది అక్కడే. వేదిక మీద జరిగేది ఆ చదువు యొక్క ప్రకటన. కాబట్టి మార్కులలో అధిక భాగాన్ని అభ్యాసకాలానికే కేటాయించి, ఉపాధ్యాయుడు వారానికొకసారి రెండు పంక్తులు నమోదు చేసుకొంటే చాలు. అప్పుడు చివరి రోజున జ్వరం వచ్చినవాడు కోల్పోయేది స్వల్పం. ఆరు వారాలు రాకుండా చివరి రోజున వచ్చి వేషం కట్టినవాడు పొందేదీ స్వల్పమే. ఆధారం కావాలన్న ఉపాధ్యాయుని ఆందోళన కూడా దీనితో తీరిపోతుంది.

తోటి నటుల మాట కూడా చెప్పుకోవాలి. గిరీశం రాకపోతే వెంకటేశం ఎవరితో మాట్లాడాలి? ఒకని జ్వరం పదిమంది శ్రమను వృథా చేయవచ్చు. వారికీ న్యాయం జరగాలి. దీనికి మన నాటకరంగంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ప్రారంభించిన నాటక సమాజం తరతరాలుగా కుటుంబ సమాజంగా నిలిచింది. ఇంటిల్లిపాదీ నటులే. చిన్న పిల్లలు తెర వెనుక పెరుగుతూ, పెద్దల పాత్రలను వింటూ నేర్చుకొంటారు. ఒకరికి ఒకే పాత్ర అన్న ఏర్పాటుతో అటువంటి సమాజం అంతకాలం నిలిచేది కాదు. క్రికెట్ అభిమానులైన విద్యార్థులకు మరొక ఉదాహరణ చెప్పవచ్చును. తలకు దెబ్బ తగిలి ఆటనుండి తప్పుకొన్న ఆటగానికి బదులుగా అతనివంటి మరొక ఆటగాడిని దింపే నియమం 2019 నుండి అంతర్జాతీయ పోటీలలో అమలులో ఉన్నది. ఆ సంవత్సరం లార్డ్స్ మైదానంలో స్టీవ్ స్మిత్‌కు బదులుగా లబుషేన్ ఆడడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్యాట్స్‌మన్‌కు బదులుగా బ్యాట్స్‌మనే రావాలి. సమానానికి సమానమన్న సూత్రం అక్కడ కూడా ఉన్నది. ప్రతి ముఖ్యపాత్రకూ మొదటినుండీ ఇద్దరిని సిద్ధం చేస్తే మన ప్రదర్శనలూ ఆగవు, రోగి మీద నేరమూ పడదు. రెండవవానికి కూడా అభ్యాసపు మార్కులు పూర్తిగా లభిస్తాయి.

ఇంతమాత్రం చేత రోగికి అన్నీ ఉచితంగా ఇచ్చివేయాలని నేను వాదించడం లేదు. జాలిపడి పూర్తి మార్కులు వేయడం మరొక విధమైన అన్యాయం. అది ఇతరులకు అన్యాయమని అందరికీ తెలుసు. రోగికి కూడా అన్యాయమేనని కొద్దిమందికే తెలుసు. ఆరు వారాలు కష్టపడి నేర్చుకొన్న బాలునికి, దానిని ఒకసారి వినిపించే అవకాశం ఇవ్వకుండా పట్టికలో అంకె వేసి పంపివేస్తే అతని శ్రమను మనం చూడనే లేదన్నమాట. ఖజా ఒక భారమే కాదు, ఒక హక్కు కూడా. తప్పిపోయినదానిని పూర్తి చేసుకొన్నవాని మనస్సులో కలిగే తృప్తిని దయతో ఇచ్చిన మార్కు కలిగించలేదు.

మన కళాశాల యాజమాన్య సంఘం వారు ఈ విషయమై ఒక లిఖితపూర్వకమైన నియమావళిని రూపొందించి, ప్రవేశ సమయంలో ఇచ్చే పుస్తకంలో ప్రచురించాలని కోరుతున్నాను. అందులో ఈ అంశాలు ఉండడం యుక్తం. ప్రదర్శనకు గల మార్కులలో సగానికి తగ్గకుండా అభ్యాసానికి కేటాయించాలి. ప్రత్యామ్నాయ కార్యం మూలకార్యం వంటిదే అయి ఉండాలి. నాటకమైతే తన పాత్రలోని ఒక భాగాన్ని తరగతిలోనో, ఉపాధ్యాయుని ఎదుటనో అప్పగించాలి. పద్యపఠనమైతే ఆ పద్యాలనే చదవాలి. బడికి వచ్చే శక్తి ఇంకా లేకపోతే ఇంటి వద్ద ఫోనులో చిత్రీకరించి పంపవచ్చు. ఫోను లేని ఇంటివారికి వేచి ఉండే వెసులుబాటు ఇవ్వాలి. ప్రత్యామ్నాయానికి పట్టే కాలం మూలప్రదర్శనకు పట్టిన కాలాన్ని మించరాదు. వ్యాధితో ఎన్ని రోజులు రాలేదో, తిరిగి వచ్చిన తరువాత కనీసం అన్ని రోజుల గడువు ఉండాలి. వ్యాసం వ్రాయడం విద్యార్థి స్వయంగా కోరుకొంటేనే ప్రత్యామ్నాయం కావాలి. దీర్ఘవ్యాధి గలవారికి సంవత్సరారంభంలోనే వేరు ఏర్పాటు చేయాలి. వీటిలో ధనవ్యయం కలిగించేది ఒక్కటీ లేదు. ప్రతి ఉపాధ్యాయుని దయాదాక్షిణ్యాలమీద ఆధారపడే స్థితినుండి విద్యార్థిని తప్పించడమే వీటి ప్రయోజనం. నియమం వ్రాసి ఉన్న చోట ఉపాధ్యాయునికి కూడా నింద తప్పుతుంది.

విద్యార్థి మిత్రులకు కూడా రెండు మాటలు. హక్కు అడిగేవారికి బాధ్యత తప్పదు. ఒంట్లో నలతగా ఉన్నదని తెలిసిన నాడే ఉపాధ్యాయునికి కబురు చేయండి. ప్రదర్శన గంటకు ముందు చేసిన కబురు మీ బృందాన్ని నడిమధ్యలో విడిచిపెట్టినట్లవుతుంది. మీ పాత్రను నేర్చుకొంటున్న రెండవవానిని పోటీదారునిగా భావించకండి. మీరు కూర్చుండవలసి వచ్చిన నాడు మీ ఆరు వారాల శ్రమను వేదిక మీదకు మోసుకొని వెళ్ళేవాడు అతడే. జ్వరం లేనప్పుడు ఉన్నదని చెప్పినవాడు ఉపాధ్యాయుని మోసగించడమే కాక, రేపు నిజంగా జ్వరపడిన స్నేహితుని మాటకు విలువ లేకుండా చేస్తున్నాడు.

చివరగా ఒక సత్యాన్ని అందరమూ జ్ఞప్తియందుంచుకోవాలి. ప్రదర్శన తప్పిపోయిన బాలుడు కోల్పోయినది మార్కు ఒక్కటే కాదు. రంగు, దుస్తులు, తెర లేచినప్పటి గుండెదడ, తల్లిదండ్రుల ముఖాలలోని వెలుగు, చివరి చప్పట్లు ఇవన్నీ అతనికి లేకుండా పోయాయి. వీటిని ఏ నియమావళీ తిరిగి ఇవ్వలేదు. కార్యక్రమ పత్రంలో అతని పేరును కొట్టివేయకుండా ఉంచడం, మరుసటి ప్రదర్శనలో అతనికి మొదటి అవకాశం ఇవ్వడం మన చేతిలో ఉన్నవి. అంత పెద్ద నష్టం అనుభవించి వచ్చినవాని చేతిలో పది పుటల తెల్లకాగితాలు పెట్టి, నీ బాకీ తీర్చుకొమ్మనడం విద్యాలయానికి శోభనిచ్చే పని కాదు. విద్యార్థి బాకీపడినది తన పాత్ర మాత్రమే. దానిని వినడానికి మనం ఒక పావుగంట కేటాయిస్తే ఆ బాకీ తీరిపోతుంది.